ఒక్క ఎత్తు తక్కువ

మా పక్క వాటాలో ఉండే ఆయన్ని వీధిలో అందరూ ‘పైకా కిందికా’ అంటారు. ముప్పై రెండేళ్ళు ఓ పెద్ద కార్యాలయంలో లిఫ్టు నడిపాడు. ఎక్కిన ప్రతివాళ్ళనీ ఆ రెండు మాటలే అడిగాడు. ఎవరికి వారే మీట నొక్కుకునే కొత్త లిఫ్టు వచ్చాక ఆయన స్టూలు తీసేశారు. కళ్ళు మసకబారడమూ ఆ ఏడే మొదలైంది. “నరం ఎండిపోతోంది, మందు లేదు” అని కళ్ళ డాక్టరు తేల్చేశాడు.

లిఫ్టులోంచి ఆయన ఇంటికి తెచ్చుకున్న ఆస్తి చదరంగం పలక ఒక్కటే. గడిగడికీ ఓ చిల్లు, ప్రతి పావుకీ అడుగున చిన్న పుల్ల. లిఫ్టు కుదిపినా పావులు పడకూడదు కదా!

ఆ పలక మీద రెండేళ్ళుగా ఒకే ఆట నిలిచి ఉంది. ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఆడిన ఆట, పాత పేపరు కత్తిరింపులోది. అందులో ఏముందో తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

“తెల్లవాడు మంత్రి ముందు బంటుని రెండు గళ్ళు తోసి మొదలెట్టాడక్కయ్యా. కాసేపటికి ఆ బంటు నడిమధ్యలో ఒంటరైపోయింది. అటూ ఇటూ కాపు లేదు, ఇవాళో రేపో పోయేదే అనుకుంటాం. పద్దెనిమిదో ఎత్తులో అదే ముందుకు దూకింది! దాన్ని చంపేసరికి దారులన్నీ తెరుచుకుని తెల్ల ఏనుగు లోపలికొచ్చింది.”

“మరి నల్లరాజు?”

“తన మూడు బంట్ల వెనకే ఇరుక్కున్నాడు. ఏనుగు చివరి వరసలోకి వచ్చిందంటే పారిపోను గడి లేదు. అంచు బంటు ఒక్క గడి ముందుంటే రాజుకి కిటికీ ఉండేది. ఇప్పుడు జరపాలంటే ఒక్క ఎత్తు తక్కువ. నల్లవాడు ఓడిపోయానని లేచిపోయాడు.”

“ఆడినవాడే లేచిపోతే నీకేం పట్టిందయ్యా?”

“ఆయనకి కనబడని దారి ఏదో ఉండే ఉంటుంది. నా చూపు పోయేలోగా పట్టుకోవాలి.”

వంటింట్లోంచి ఆయన భార్య, నాకు వరసకి మరదలు, అందుకుంది. “ఎదురుగా ఉన్న ఉప్పుడబ్బా కనబడదు వదినా ఈయనకి. ఏనుగు మాత్రం కనబడుతుంది.”

“ఏనుగు కదే, కనబడదూ!” అన్నాడాయన. అప్పటికి ఇంకా జోకులు వేసేవాడు.

ఓ మధ్యాహ్నం ఇద్దరూ ఆసుపత్రికి వెళ్తూ తాళంచెవి నాకిచ్చారు. పావుల అడుగున పుల్ల చెక్కదా, ఇత్తడిదా అని ఎన్నాళ్ళనుంచో నాకు ఒకటే కుతూహలం. ఒక బంటుని పీకి చూశాను. ఇత్తడే. ఇంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. గబుక్కున కనబడిన చిల్లులో గుచ్చేసి ఇవతలికి వచ్చేశాను.

వారం తిరక్కుండా, గోడ తడుముకుంటూ ఆయనే మా ఇంటికి వచ్చాడు.

“దొరికిందక్కయ్యా! అంచు బంటు మొదటినుంచీ ఒక గడి ముందే ఉంది. ఇన్నాళ్ళూ నా కళ్ళు మోసం చేశాయి, వేళ్ళు నిజం చెప్పాయి. రాజుకి కిటికీ ఉంది. నల్లవాడు ఓడిపోలేదు!”

రెండేళ్ళలో ఆ మొహాన అంత వెలుగు నేను చూడలేదు. ఆ మధ్యాహ్నం నేను పీకిన బంటు గుర్తొచ్చింది. పేపరువాళ్ళకి ఉత్తరం రాసిపెట్టమన్నాడు. రాసేముందు వాళ్ళింటికి తీసుకెళ్ళి, పావులన్నీ మొదటి గళ్ళలో గుచ్చి, ఆటంతా మొదటినుంచీ చదవమన్నాడు. కత్తిరింపులో అక్షరాలు ఆయనకి ఎప్పుడో చెరిగిపోయాయి.

నాది అయిదో తరగతి చదువే అయినా గడుల అంకెలు చదవగలను. నడుమ ఎక్కడో ఓ అబద్ధపు ఎత్తు ఇరికించి చదివితే ఎవరడిగేది? ఆ మాట తట్టకపోలేదు. నేను చదువుతుంటే ఆయన చెవులు రిక్కించి, ఒక్కో పావునీ తడిమి గుచ్చుతున్నాడు. ఆ చెవులకి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

ఇరవై ఏడో ఎత్తుతో కత్తిరింపు అయిపోయింది. ఆయన వేలు అంచు బంటు దగ్గరికి వెళ్ళింది. అది మొదట పెట్టిన గడిలోనే ఉంది. దాని ముందు చిల్లు తడిమాడు. ఖాళీ.

“ఇది అసలు కదల్లేదక్కయ్యా.”

“నేనే పీకాను తమ్ముడూ. అడుగున ఏముందో చూద్దామని.”

“మీ చేతులు పడిపోను వదినా! ఇంకేం దొరకలేదా మీకు?” అని మరదలు విరుచుకుపడింది. ఆవిడ తిట్టినంతసేపూ హాయిగానే ఉంది నాకు. ఆయన వేలు ఇంకా ఆ ఖాళీ చిల్లు మీదే ఉంది. “అయితే ఆయన లేచిపోవడం సబబే” అన్నాడు.

ఓడినవాడు తన రాజుని పడుకోబెడతాడట. ఈ పలక మీద ఏ పావూ పడుకోదు. నల్లరాజుని పీకి నా అరచేతిలో పెట్టాడు.

“మళ్ళీ గుచ్చకు” అన్నాడు.

ఏడాదైంది. ఇప్పుడాయనకి వెలుతురు కూడా తెలియదు. నా అడుగుల చప్పుడు విని “అక్కయ్యా?” అంటాడు, అంతే. రెండుసార్లు ఆ రాజుని తిరిగి ఇవ్వబోయాను. ఆయన గుప్పిట విప్పలేదు.