డెప్త్ ఫస్ట్ బొట్టు పిలుపులు

రాసుకోవే అమ్మాయ్. చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నవ్వకు.

మీ అక్క పెళ్ళి పిలుపులకి నీ స్కూటీ ఎక్కి బయలుదేరిన నాటి సంగతి ఇది. నువ్వు భీమవరం ఇంజినీరింగ్ కాలేజీకి సెలవు పెట్టి వచ్చావు. ముందు రోజు మా మామగారి వంశాన్ని కాగితం మీద చెట్టులా గీశావు. పైన మామగారు, ఆయన కింద ముగ్గురు కొడుకులు, వాళ్ళ కింద పిల్లలు, మనవలు. వేరు ఆకాశంలోనూ ఆకులు నేల మీదా ఉండే చెట్టు నేనెక్కడా చూడలేదన్నాను. కంప్యూటర్లలో చెట్లు అలాగే పెరుగుతాయన్నావు.

ఆ చెట్టంతా తిరిగి రావడానికి రెండు పద్ధతులున్నాయట. డెప్త్ ఫస్ట్ అంటే ఒక కొమ్మ పట్టుకుని చివరి ఆకు దాకా పోయి, వెనక్కొచ్చి ఇంకో కొమ్మ పట్టడం. బ్రెడ్త్ ఫస్ట్ అంటే ఒక వరసవాళ్ళందరినీ చూశాకే కింది వరసకి దిగడం. మన ఆనవాయితీ రెండోదే. కొడుకుల ఇళ్ళన్నీ పిలిచాకే మనవల గడప తొక్కాలి. కానీ పెద్ద బావగారి సంతానమంతా మొగల్తూరులోనే ఉంది. ఈ ఎండలో ఒకే ఊరికి రెండుసార్లు ఎవరు తిరుగుతారని నేను డెప్త్ ఫస్టే ఖాయం చేశాను. పైగా పేరు గొప్పగా ఉంది.

నరసాపురంలో మన వెనక వీధిలోనే ఉన్న రెండో తోటికోడలికి, నేను అక్కా అని పిలిచే ఆవిడకి, మధ్యాహ్నానికల్లా వచ్చి బొట్టు పెట్టేద్దామనుకున్నాను. ఆవిడంటే నాకు భయమూ ఉంది, ఆవిడతో అవసరమూ ఉంది. పెద్ద తోటికోడలు పోయాక మా ఇళ్ళలో ఏ పెళ్ళికైనా పసుపు దంచేటప్పుడు మొదటి పోటు ఆవిడదే. తన పసుపు కూడా ఆ చేతి మీదుగానే దంచాలని మీ అక్క పట్టుబట్టి కూర్చుంది.

మొగల్తూరులో బావగారికి చెప్పాం. అంతవరకూ బాగానే ఉంది. ఆయన పెద్దకొడుకు ఇంట్లో పెసరట్టు తిన్నాను. చిన్నకొడుకు ఇంట్లో అన్నం తిని కాసేపు నడుం వాల్చాను. బావగారి మనవరాలింట్లో పసివాడు ఎవరి పోలికో తీర్పు చెప్పాను. ఆ మనవరాలి ఆడపడుచు పక్క వీధిలోనే ఉందంటే, నీ చెట్టులో లేకపోయినా ఆవిడకీ బొట్టు పెట్టాను. ఎక్కడ మొదలెట్టామో గుర్తుంచుకుని వెనక్కి రావాలి మామ్మా, ఈ పద్ధతికి అదే ప్రాణం అని నువ్వు చెవిలో పోరుతూనే ఉన్నావు. గుర్తుంది లేవే అన్నాను. గుర్తున్న మనిషి అక్కడ రెండోసారి టీ తాగుతుందా?

నరసాపురం చేరేసరికి దీపాలు పెట్టారు. మనకంటే ముందే ఫోన్లు చేరాయి. అక్క అరుగు మీద లేసు అల్లుకుంటూ కూర్చుంది. తలెత్తలేదు.

"రండి రండి. మనవరాలి ఆడపడుచుకి కూడా బొట్టు అందిందట కదా. ఇంకెవరూ మిగల్లేదని నా దగ్గరికొచ్చారా?"

నేను ఎండ మీద చెప్పాను, స్కూటీ మీద చెప్పాను. ఏదీ అతకలేదు. నన్ను కాపాడదామని నువ్వు ముందుకొచ్చావు.

"మామ్మ మిమ్మల్ని మర్చిపోలేదు పెద్దమామ్మా. డెప్త్ ఫస్ట్‌లో వెళ్ళిందండి. ఒక కొమ్మ చివరిదాకా వెళ్ళాకే రెండో కొమ్మ."

"కొమ్మెక్కిన మనిషికి దిగడం తెలియదేంటే?"

"అదే వచ్చి చావదండి ఈవిడకి," అన్నావు నువ్వు. నా మనవరాలివి, నా ఉప్పు తిన్నదానివి.

అక్క పెదవి ఓ పక్కకి కదిలింది. నేను గబగబా కుంకుమ భరిణె మూత తీశాను. ఆవిడ పొమ్మంటే మీ అక్కకి ఏ మొహం చూపించాలి? ఆవిడ లేసు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, నుదురు ముందుకు వంచింది.

"పెట్టు. పిల్ల మొహం చూసి వస్తున్నాను, నిన్ను చూసి కాదు. మిగతా పిలుపులకి నేనూ వస్తాను. ముందు పెద్దవాళ్ళు, ఆ తర్వాతే పిల్లలు. ఎవరింట్లోనూ చాప వెయ్యనివ్వను."

అన్నంత పనీ చేసింది. మిగిలిన ఇళ్ళు ఒక్కపూటలో అయిపోయాయి. నాకు ఒక్కచోట కూడా కాఫీ దక్కలేదు.

పసుపు దంచే రోజు పొద్దున్నే వచ్చింది. రోలుకి తోరం కట్టి, మీ అక్కని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పోటు వేసింది. వరసలో తర్వాత నేను. రోకలి నాకు అందిద్దామని తిరిగి చూస్తే నేను లేను. పెరట్లో వంటావిడ వాళ్ళ మేనకోడలి కాపురం సంగతి వింటున్నాను. అప్పుడే మంచి పట్టులో ఉంది మరి.