ముందు నేనే!

మా ఫస్టు బాబాయికి ఒక్కటే జబ్బు: ఎక్కడైనా తనే ముందుండాలి. టీ కొట్టులో మొదటి గ్లాసు ఆయనదే. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్న మనిషిని కూడా లేపబోయాడని చెప్పుకుంటారు.

నేను చెత్త వ్యాను నడుపుతాను. సంచులెత్తేది బాబాయి, అక్క. వ్యాను ఆగకముందే బాబాయి దూకేవాడు. ప్రతి సంచినీ ముందు తనే పట్టుకోవాలి. పట్టుకుని ఊరుకుంటాడా? డాక్టరు రోగి పొట్ట నొక్కినట్టు నొక్కేవాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. ఆ తర్వాతే అక్క చేతికిచ్చేవాడు.

"ఏంటి బాబాయ్, లోపలివాళ్ళు పలకరిస్తున్నారా?" అనేది అక్క.

"నీకెందుకు? ముందు నేను. అంతే."

"మంచి సామానుంటే నొక్కేద్దామనేగా!"

"అవునే, రోజూ బంగారు గాజులు దొరుకుతున్నాయి. కుళ్ళుకో."

ఆఫీసువాళ్ళు చేతి తొడుగులు పంచినప్పుడూ అదే తంతు. చిల్లుల్లేని జత ఒక్కటే ఉంటే, బాబాయి అందరికంటే ముందు లాక్కున్నాడు. తొడుక్కుని, మొహం చిట్లించి, అక్క మీదికి విసిరాడు. "ఛీ, ఇరుకు! పాడు సరుకంతా నాకే తగులుతుంది" అంటూ చిల్లులవి తీసుకున్నాడు.

ఒకరోజు అక్కకి పంతం పట్టింది. వ్యాను మలుపు తిరుగుతుండగానే దూకి, నీలం గేటు ముందున్న సంచి వైపు పరిగెత్తింది. బాబాయి వెనకే లగెత్తి, భుజంతో ఒక్క తోపు తోశాడు. అక్క వెళ్ళి గోడకి కొట్టుకుంది. సంచి బాబాయి చేతికి చిక్కింది.

"అబ్బా!"

తొడుగు చిల్లులోంచి ఇంజక్షన్ సూది అరచేతిలో దిగింది. తిట్టబోయిన అక్క పరిగెత్తుకొచ్చి సూది లాగేసింది. కుళాయి కింద సబ్బుతో చెయ్యి కడిగించి, చెత్త వ్యానులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సైరన్ అక్కర్లేకపోయింది, వాసనకే జనం దారిచ్చారు.

"ఎవరు వాడిన సూదో తెలీదు కదా," అన్నాడు డాక్టరు. "రక్తపరీక్ష చేయాలి, మందులు వాడాలి. కొన్నాళ్ళకి మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా ఏమీ చెప్పలేం."

బెంచీ మీద అక్క నిలదీసింది. "నన్నెందుకు తోశావు? గుచ్చుకుంటే నాకేగా గుచ్చుకునేది?"

"అందుకేనే తోసింది. నాది గేదె చర్మం. నువ్వా చేతుల్తో ఇంటికెళ్ళి నీ పాపకి తల దువ్వాలి."

అక్క మాత్రల పొట్లం విప్పింది. "గేదెలకి ఈ డాక్టరు వైద్యం చెయ్యడు. నోర్మూసుకుని మాత్ర మింగు" అంది.

మర్నాడు అక్క నీలం గేటు తట్టింది. లోపల ఉన్నది షుగరు జబ్బున్న ఒంటరి ముసలమ్మ.

"చిన్న సూదే కదా అని పడేశానమ్మా. ఆయనకేం కాలేదుగా?" అని కంగారుపడింది. ఆ రోజునుంచి సూదుల్ని మూత బిగించిన మందపాటి డబ్బాలో వేసి, విడిగా ఇవ్వసాగింది. అక్క ఆఫీసు గుమ్మంలో బైఠాయిస్తే ఇనప పట్టకార్లూ, అందరికీ కొత్త తొడుగులూ వచ్చాయి. బాబాయిని మాత్రం నా పక్క సీట్లోంచి కదలనివ్వలేదు.

చివరి పరీక్షలో ఏ జబ్బూ లేదని తేలింది. మర్నాడే బాబాయి వీధిలోకి దూకాడు. కానీ గుమ్మాలన్నీ ఖాళీ! అక్క అప్పటికే పట్టకారుతో వీధంతా ఊడ్చేసింది. ఆయన మొహం చిన్నబోయింది.

నీలం గేటు తెరుచుకుంది. ముసలమ్మ ఉబ్బెత్తు సంచీ ఒకటి అందించింది.

"ఇదొక్కటీ నీకే ఇమ్మంది బాబూ ఆ అమ్మాయి. పాత దిండు. ఏమీ గుచ్చుకోదు."

బాబాయి దాన్ని చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకుని, అడుగులో అడుగేసుకుంటూ వ్యాను దాకా వచ్చాడు.

"మెల్లగా బాబాయ్," అంది అక్క, "నిద్ర లేస్తుంది!"