నడుమ గుంట

ఆ ఇల్లాలికి ఒవెన్ మీద ఏనాడూ నమ్మకం లేదు. లోపల కేకు పెట్టిందంటే, తలుపు తీసి చూడందే ప్రాణం ఊరుకోదు. ఆ సాయంత్రం ఆడపడుచు సపరివారంగా చెప్పాపెట్టకుండా ఊడిపడింది. హాల్లోంచి భర్త "అయిందా?" అని కేకేసినప్పుడల్లా ఆవిడ తలుపు తీసింది, తీసినప్పుడల్లా పొంగుతున్న కేకు ఉసూరుమంటూ కుంగి, చివరికి నడుమ గుంట పడింది. పళ్లు నూరుకుంటూ ఆ గుంటనిండా జామ్ కుమ్మరించి, కరిగించిన చాక్లెట్‌తో పైన కప్పెట్టి, మొహానికి నవ్వు తగిలించుకుని పట్టుకెళ్లింది.

"లోపల జామ్ దాచావా వదినా! ఎంత ఓపికో నీకు," అంది ఆడపడుచు ముక్క కొరికి. "ముందే చెబితే హైరానా పడతావని చెప్పలేదు. వచ్చే ఆదివారమూ ఇలాగే వచ్చేస్తాం."

"అయ్యో, తప్పకుండా," అని ఆవిడ వంటింట్లోకి నడిచి, ఖాళీ ఒవెన్ తలుపు తీసి, ఇల్లదిరేలా మూసింది.