మాస్టరమ్మ అడిగిన మాట

యూనిఫారాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. యజమాని దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆవిడ ‘మాస్టరమ్మే’. కటింగ్ మాస్టర్ పని మగవాళ్లదని అందరూ అనుకునే చోట పంతొమ్మిదేళ్లుగా గుడ్డ కోసే ఆ పొడవాటి బల్ల ఆవిడదే. అరవై పొరలు పరిచిన గుడ్డ మీద ఆవిడ మెషిన్ నడిపితే, పై ముక్కకూ అడుగు ముక్కకూ దారప్పోగంత తేడా ఉండేది కాదు.

నలభై ఎనిమిదో ఏట ఒంటి బరువు నూట ఆరు కిలోలకు చేరింది. మోకాళ్లు మొరాయించాయి. పొట్ట అడ్డం వచ్చి బల్ల అవతలి అంచు చేతికి అందడం మానేసింది. “ఇక నువ్వు కుర్చీలో కూర్చుని చెప్తూ ఉండు, కోసేవాళ్లు కోస్తారు” అన్నాడు యజమాని. మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాట ఆవిడకు చెంపదెబ్బలా తగిలింది. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లింది. పరీక్షలన్నీ చేసి, బరువు తగ్గడానికి వారానికోసారి పొట్టకు పొడుచుకునే ఇంజెక్షన్ రాశాడాయన.

ఏడాదిలో ఇరవై నాలుగు కిలోలు తగ్గింది. తన బట్టలు తనే విప్పి, కోసి, మళ్లీ కుట్టుకుంది. మూడంతస్తులు మెట్లెక్కి వచ్చి, ఆయాసపడకుండా మెషిన్ ఆన్ చేసిన రోజున కటింగ్ హాలంతా చప్పట్లు కొట్టింది. “చాల్లే, పని చూసుకోండి” అని కసిరింది గానీ ఆ పూటంతా నేల మీద నిలవలేదు ఆవిడ.

ఇంట్లో మాత్రం తగ్గకూడనిది ఒకటి తగ్గింది.

భర్త సిటీ బస్సు డ్రైవరు, నోట్లో నాలుక లేని మనిషి. పాతికేళ్ల కాపురంలో చొరవ ఎప్పుడూ ఆవిడదే. ఆయన చదువుతున్న పేపరు లాగేసి, “వార్తలు రేపు కూడా ఉంటాయి లెండి” అనేది. అలాంటి మనిషికి ఆ ధ్యాసే పోయింది. కోపం లేదు, విసుగు లేదు, ఆయనంటే ఇష్టం రవ్వంత తగ్గలేదు. ఆయన చెయ్యి వేస్తే హాయిగానే ఉండేది. అంతకుమించి లోపల ఏదీ కదిలేది కాదు. మొదట అలసట అనుకుంది. తర్వాత వయసు అనుకుంది. అలా అనుకుంటూ ఉండగానే ఐదు నెలలు గడిచిపోయాయి.

ఒక ఆదివారం ఉదయం స్నానాల గది తలుపు తోసేసరికి, భర్త బనియన్‌తో అద్దం ముందు నిలబడి, పొట్ట లోపలికి బిగబట్టి, మీసానికి నల్లరంగు పూసుకుంటున్నాడు. రంగు సగం పెదవి మీదే ఉంది.

“ఇదేం అవతారమండీ!” అని పగలబడి నవ్విందావిడ.

ఆయన నవ్వలేదు. “నువ్వేమో మళ్లీ పెళ్లినాటి మనిషివయ్యావు. నేనిలాగే ఉండిపోయాను. ఇక నీ కంటికి ఆనడం లేదేమోనని...”

ఆవిడ నవ్వు ఆపేసింది. తువ్వాలు తడిపి ఆయన పెదవి తుడుస్తూ చెప్పింది. “మీలో ఏ లోపమూ లేదు. నాలోనే ఏదో ఆగిపోయింది. ఏమిటో నాకే అర్థం కాక చెప్పలేదు.”

“ఒంట్లో బాగోలేదా?”

“ఒళ్లు బ్రహ్మాండంగా ఉంది. కోరికే లేదు.”

పైకి అనేశాక ఇద్దరికీ ప్రాణం తేలికపడింది. అక్కడే గడప మీద కూర్చుని, ఎప్పట్నుంచి ఇలా ఉందా అని నెలలు వెనక్కి లెక్కపెట్టారు. ఇంజెక్షన్ మోతాదు రెండోసారి పెంచిన నెల దగ్గర లెక్క ఆగింది.

డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. వికారం ఉందా, మలబద్ధకం ఉందా అని ఆయన వరసగా అడిగాడు. అన్నిటికీ లేదని చెప్పి, “మీరు అడగనిది ఒకటుంది” అని విషయం బయటపెట్టింది.

“ఈ వయసులో అది మామూలేనమ్మా” అన్నాడాయన, కాగితం మీంచి తలెత్తకుండా.

“వయసు ఫలానా నెలలో మొదలవదు కదా డాక్టరుగారూ. ఇది మోతాదు పెంచిన నెలలోనే మొదలైంది.”

ఆయన పెన్ను కింద పెట్టాడు. “ఇలా కొందరు చెప్తున్న మాట నిజమే. మందు వల్లేనని ఇంకా గట్టిగా తేలలేదు. బరువు తగ్గాక కోరిక పెరిగినవాళ్లూ ఉన్నారు. వేరే కారణాలేమైనా ఉన్నాయేమో ముందు చూద్దాం” అన్నాడు.

థైరాయిడ్, హార్మోన్లు అన్నీ సరిగానే ఉన్నాయి. మోతాదు ఒక మెట్టు దించుదామన్నాడు. బరువు కొంత వెనక్కి రావచ్చని కూడా చెప్పాడు.

“రానివ్వండి. నాకు బల్ల అవతలి అంచు అందితే చాలు. మా ఆయన కూడా అందాలి మరి!”

డ్రైవరుగారు గోడ మీది క్యాలెండరు వైపు తిరిగిపోయాడు.

మూడు కిలోలు వెనక్కి వచ్చాయి. మూడో నెలలో ఒక సాయంత్రం ఆవిడ చేతులు వాటంతటవే ఆయన చదువుతున్న పేపరు మీదికి వెళ్లాయి. మునుపటంత తరచుగా కాదు. కానీ తనది తనకు తిరిగొచ్చిందని తెలిసింది.

ఆ డాక్టరు ఆసుపత్రిలో ఈ ఇంజెక్షన్ వాడేవాళ్లకు శనివారాలు ఒక సమావేశం జరుగుతుంది. ‘మీరొచ్చి మాట్లాడతారా’ అని డాక్టరే అడిగాడు. పద్నాలుగు మంది ముందు నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పిందావిడ. “మలబద్ధకం గురించి ఎంత సేపైనా మాట్లాడతాం. దీని దగ్గరికొచ్చేసరికి నోళ్లు కుట్టేసుకుంటాం. అడగండి. కానీ మందు మాత్రం మీ అంతట మీరు మానేయకండి.”

ముందు వరసలో ఒక రిటైరైన లెక్కల మాస్టారు మెల్లగా లేచాడు. “నాకూ ఇంతేనమ్మా. ఏడు నెలలైంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.”

“ముందు ఆవిడకి చెప్పండి మాస్టారూ. పాపం, ఏమేం ఊహించుకుంటోందో!”

వెనక వరసలో కూర్చున్న డ్రైవరుని పక్కనున్నాయన మోచేత్తో పొడిచి, “ఎవరండీ ఈవిడ? ఎంత ధైర్యం!” అన్నాడు.

“మా ఆవిడ. కటింగ్ మాస్టరు.”

గది మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ఆయనకంత గొంతు ఉందని ఆవిడకు కూడా ఆ రోజే తెలిసింది.