కారణం గుర్తు లేదు

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆయన్ని అందరూ డైరెక్టరీ బాబాయ్ అనేవారు. ఏ స్క్రీన్‌లో ఏ గడి ఎలా ఉందో అడిగితే చాలు, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేవాడు. ఆ ప్రోగ్రామంతా ఆయన రాసిందే మరి. రాసిన తీరు చూస్తే మాత్రం తల పట్టుకోవాల్సిందే. రోగి పేరు, బరువు, పడని మందులు, ఫోన్ నంబరు, ఇలా ఏ గడి తీసుకున్నా అందులో ఎన్ని అక్షరాలు పట్టాలో, ఖాళీగా వదలొచ్చో లేదో, స్క్రీన్ స్క్రీన్‌కీ మళ్లీ మొదటినుంచి రాసుకుంటూ పోయాడు మహానుభావుడు. ఒక్క గడి మారాలంటే అన్ని చోట్లా మార్చాలి. అవి ఎక్కడెక్కడున్నాయో ఆయనొక్కడికే తెలుసు.

పక్క కుర్చీలో అమ్మాయి ఆయన దగ్గరే పని నేర్చుకుంది. గడుల వివరాలన్నీ ఒకే ఫైల్లో పెడదాం, స్క్రీన్లన్నీ అక్కణ్ణుంచే తీసుకుంటాయి అని ఎన్నిసార్లు పోరిందో. నడుస్తున్నదాన్ని కెలకడమంటే కొరివితో తల గోక్కోవడమేనని ఆయన కొట్టిపారేసేవాడు. అసలు సంగతి అది కాదు. అందరూ తన కుర్చీ దగ్గరికే రావాలి, తననే అడగాలి. ఆ గొప్పంటే ఆయనకు ఇష్టం. ఎవరికి ఉండదు లెండి.

పడని మందుల గడి ఇకమీదట ఎక్కడా ఖాళీగా ఉండకూడదని, ఏమీ లేకపోతే 'లేవు' అనైనా రాయాలని డాక్టర్లు కోరారు. ఆయన మార్చాడు. వారం తిరక్కముందే మందుల కౌంటర్ నుంచి కబురొచ్చింది. ఒక పెద్దావిడ వివరాల్లో అక్కడ ఆ గడి ఖాళీగానే ఉందట. కౌంటర్ అతను ఎందుకైనా మంచిదని ఆవిణ్ణి నోటితో అడిగాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆవిడకు పడని మందే చేతిలో పెట్టి పంపేవాడు. మందుల కౌంటర్‌కి వేరే స్క్రీన్ ఉందన్న సంగతే బాబాయ్ మరిచిపోయాడు.

ఇంట్లో భార్య అప్పటికే కనిపెట్టింది. పొయ్యి ఆర్పడం మరిచిపోతున్నాడు, అల్లుడి పేరు కోసం తడుముకుంటున్నాడు. ఇద్దరూ వెళ్లి చూపించుకున్నారు. మతిమరుపు జబ్బేనని, మందులతో నెమ్మదిస్తుంది గానీ ఆగదని డాక్టరు చెప్పాడు.

మర్నాడు ఆయన అమ్మాయిని పిలిచి తలుపు వేశాడు.

"నా బుర్ర జారిపోతోందమ్మా. అది పోయేలోపు నువ్వన్న ఫైలు రాసెయ్యాలి."

ఆమె కళ్లు తుడుచుకుంటుంటే, ఏడుపు తర్వాత, ముందు అడ్మిషన్ స్క్రీన్ తెరువు అన్నాడు.

ఒక్కో స్క్రీన్ తెరవడం, గడి వివరం తీసి ఫైల్లో పెట్టడం. ఒకేలా ఉన్నవాటితో పేచీ లేదు. తేడాగా ఉన్నవాటితోనే వచ్చింది చిక్కంతా. పసిపిల్లల వార్డులో బరువు గ్రాముల్లోనే ఉండాలి, మందు మోతాదు దాన్నిబట్టే వేస్తారు. ఆయన కారణం చెప్పడం, ఆమె పక్కనే రాయడం. గుర్తున్నంతవరకూ అలా అన్నీ చెప్పేశాడు. చివరికి ఒక్కటి మిగిలింది. అన్ని చోట్లా తప్పనిసరైన ఇంటి ఫోన్ నంబరు, కాన్పుల వార్డులో మాత్రం ఖాళీగా వదలొచ్చు. ఎందుకో ఎంత తన్నుకున్నా తట్టలేదు. ఆమె తీసేద్దామంది. ఆయన ఒప్పుకోలేదు. తనే టైపు చేశాడు: "కారణం గుర్తు లేదు. ఊరికే రాసి ఉండను. తీసెయ్యకండి."

ఆ తర్వాత కొన్నాళ్లకే ఉద్యోగం మానేశాడు.

మరుసటి ఏడాది కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఒక్క తేడా దేనికని పట్టుబట్టారు. ఆమె కాన్పుల వార్డుకెళ్లి పెద్ద నర్సుని అడిగింది. కొందరు ఆడవాళ్లు ఇంట్లో దెబ్బలకు తాళలేక పారిపోయి వస్తారని, ఆ నంబరుకి ఫోన్ వెళ్తే ఆ ఇంటివాళ్లు వెతుక్కుంటూ వస్తారని, అందుకే ఒకప్పుడు తనే బాబాయ్‌ని బతిమాలానని నర్సు చెప్పింది.

ఆ ఆదివారం ఆమె ఆయన ఇంటికి వెళ్లింది. ఎప్పుడూ అమ్మా అని పిలిచే మనిషి "రండి, కూర్చోండి" అన్నాడు. ఆమె లాప్‌టాప్‌లో ఫైలు తెరిచి చూపించింది. ఆయన వేలితో ఒక్కో వరుసా తడుముతూ చదివాడు. చివరి మాట దగ్గర ఆగాడు.

"ఎవరు రాశారండీ ఇది?"

"మా బాబాయ్."

"తెలియనిది తెలియదనే రాశాడు. మంచివాడు" అన్నాడు. లాప్‌టాప్ ఆమెవైపు జరిపి, "అతన్ని వదులుకోకండి" అన్నాడు.