శాంతయ్య ఆదివారపు మంచం

తిరుపతిలో లాడ్జి గదులు చూసుకునే శాంతయ్యకు వారంలో ఆదివారం ఒక్కటే వడమాలపేటలో ఇంటిపట్టున గడిచేది. చర్చి నుంచి వచ్చాక ఆ ఒక్క పూటే కూర్చుని, సొంత చేతులతో వేపచెక్క మంచం చేస్తానని పెళ్లాం సంతోషమ్మకు మాటిచ్చి ఏడు నెలలైంది.

బద్ధకమేమీ లేదు. ఉలి పట్టుకోగానే, పోయిన వారం తాను గీసిన పెన్సిలు గీతలే తనకు అర్థమయ్యేవి కావు. ఈ గీత మీద కోయాలా, కోయకూడదనా గీసింది? ఆ ఇంటూ గుర్తు తలవైపుదా, కాళ్లవైపుదా? తేల్చుకునేలోపు పొద్దు వాలిపోయేది.

ఈ ఆదివారం కొత్త చిక్కు వచ్చింది. సంతోషమ్మ సగంలో ఆగిన మంచం చట్రాన్ని తలకిందులు చేసి, పైకి లేచిన నాలుగు కాళ్లకు పాత చీర చుట్టేసింది. లోపల కోడిపెట్ట, పదకొండు పిల్లలు.

“ఇదేందే, మంచంలో కోడిని పెట్టినావు?”

“మంచమా? యాడుండాది మంచం? పిల్లి ఎత్తుకుపోతా ఉండాదని పెట్టినా.”

శాంతయ్య ఉలితో దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కోడిని ఎక్కడికి తీయమనాలి? తీశాక తాను ఎక్కడ మొదలుపెట్టాలి? ఏదీ తోచలేదు. అంతలో చీర సందులోంచి ఒక పిల్ల తల బయటపెట్టింది. అక్కడొక తలుపు కావాలని మాత్రం ఆయనకు తెలిసిపోయింది.

పొద్దు వాలకముందే తలుపు బిగించాడు. ఏ గీతా గీయలేదు.

“బాగుండాది,” అంది సంతోషమ్మ, ఆయనకు నేల మీద చాప పరుస్తూ.