అరిగిందా, విరిగిందా

ఆ కార్ల సర్వీస్ సెంటర్లో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిపడేది కాదు. మెకానిక్కులు, కస్టమర్లు, చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా వెనకాల 'కాదు మేడం' అనేవాళ్లు. వారంటీ సీటు ఆవిడది. కారు కింద ఏదైనా పాడైతే కంపెనీ మార్చివ్వాలా, కారు గలాయన తన జేబులోంచి మార్పించుకోవాలా అన్నది ఆవిడ నోటిమాట మీద ఉండేది. "తయారీలో లోపం ఉండి విరిగితే ఇస్తామండి. వాడకంలో అరిగితే రాదు," అని మెత్తగానే చెప్పేది. ఎంత మెత్తగా చెప్పినా కాదు కాదే. అరవకుండా లేచి వెళ్లినవాళ్లు అరుదు. ఆవిడ ఎదురు అరిచేది కాదు. వాళ్ల గొంతు అలిసేదాకా కూర్చుని, మళ్లీ అదే మాట చెప్పేది.

ఇంట్లోవాళ్లకీ అదే వరస. అక్కావాళ్ల కారు తనే దగ్గరుండి ఇప్పించింది. మొన్నామధ్య బావ ఫోన్ చేసి, "ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుటక్కుమంటోంది, మీ వారంటీలో మార్పించవే," అన్నాడు.

"కుదుపు తగలకుండా వేసే రబ్బరు బుష్ అరిగుంటుంది బావా. అది వారంటీలో రాదు. తీరిక చూసుకుని తీసుకురా, చూద్దాం."

"మరదలు కంపెనీలో ఉందన్న మాటే గానీ, మాకు నట్టు ముక్క కూడా రాలదు," అని నవ్వి పెట్టేశాడు. ఆయనకి తీరిక దొరకలేదు, బండి తేలేదు.

ఆరోజు మధ్యాహ్నం బండ్లు లాగే లారీ ఒక కారుని తెచ్చి దించింది. ముందు చక్రం, మడమ బెణికిన పాదంలా పక్కకి వాలిపోయి ఉంది. కారు ఒక టైలరుది. మలుపు తిరుగుతుంటే చక్రం పట్టు తప్పి, కారు వెళ్లి రోడ్డు మధ్య గోడకి కొట్టుకుందట. ఆయన కూతురు నుదుటి మీద కట్టుతో కుర్చీ అంచున కూర్చుంది. టైలరు అరవలేదు. "నెమ్మదిగానే పోతున్నానండి," అన్నాడు. కాసేపాగి మళ్లీ అదే అన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్లింది. కారు అప్పటికే లిఫ్టు మీద గాల్లో ఉంది. చక్రాన్ని కిందనుంచి పట్టి ఉంచే ఇనప చెయ్యి, లోయర్ ఆర్మ్ అంటారు, దాన్ని పెద్ద మెకానిక్ రెండు ముక్కలుగా ఆవిడ చేతిలో పెట్టాడు.

"అరిగిందా?"

"అరిగితే నున్నబడాలి. గుంతలో పడితే వంగాలి. ఇది రెండూ కాదు, మీరే చూడండి."

విరిగిన చోట లోహం మధ్యలో పుప్పిపన్నులా బొరియ ఉంది. అక్కణ్నుంచి పాకిన పగులు తుప్పు పట్టి నల్లబడింది. చివర్న కొంచెం మేర మాత్రం కొత్తగా తళతళలాడుతోంది.

"పోతలోనే పడ్డ బొరియ, ఎప్పట్నించో పగులుతూ వచ్చింది," అన్నాడు మెకానిక్. "టక్కుటక్కుమంటూనే ఉండి ఉంటుంది, పట్టించుకోలేదు."

ఆవిడ చేతిలో ఇనుము ఒక్కసారిగా బరువెక్కింది. అక్కావాళ్ల కారు ఇదే మోడల్, ఫ్యాక్టరీ నుంచి ఇదే విడతలో వచ్చింది. ఈ పూటే అక్కా బావా అమ్మని తీసుకుని కొండ మీది చుట్టాలింటి నుంచి కిందికి బయల్దేరారు.

అక్కకి ఫోన్ చేసింది. కలవలేదు. బావకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు, ఆ అలవాటు తనే పోరి పోరి చేయించింది.

మేనేజర్ వచ్చాడు. "ఏంటమ్మా, అరుగుదలే కదా? రాసేసి పంపించు. పాపం ఆయన ఇందాకట్నించీ కూర్చున్నాడు."

"కాదు సార్," అంది నంబరు నొక్కుతూనే.

"ఏది కాదు?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచింది. కారులో కడుపులో తిప్పుతుందని అమ్మ ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటుంది. సరిగ్గా ఆ ఎడమ చక్రం వైపే.

మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. చివరికి అక్క ఎత్తింది.

"ఏంటే, ఏమైంది?"

"ఎక్కడున్నారు?"

"ఘాట్ రోడ్డు దిగుతున్నాం. సగం దాకా వచ్చాం."

"బండి ఆపమను బావని."

"ఇక్కడెక్కడ ఆపుతామే, పక్కన లోయ పెట్టుకుని."

ఫోన్లోనే అవతల బావ గొంతు వినిపించింది. "చక్రం చప్పుడు గురించేనా? వారంటీ రాదంది కదా, ఇప్పుడేం కొంప మునిగింది?"

"స్పీకర్లో పెట్టక్కా. బావా, నేను చూడకుండా చెప్పాను, తప్పు చెప్పాను. అది విరిగేలా ఉంది. బ్రేకు గట్టిగా తొక్కకుండా మెల్లగా వచ్చి, కాస్త వెడల్పున్న చోట ఆపు. తిట్టాలంటే ఆపాక తిట్టు."

బావ నవ్వలేదు. ఇంజను హోరు తగ్గింది. దాని కిందనుంచి టక్, టక్ అని స్పష్టంగా వినిపించింది. అంతలో లైను తెగిపోయింది.

ఆవిడ షెడ్డు స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. మెకానిక్ వచ్చి పక్కన నిలబడ్డాడు. శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

ఫోన్ మోగింది. అమ్మ.

"నన్ను ఎండలో బండరాయి మీద కూర్చోబెట్టారు. మీ బావ చక్రం పక్కన బోర్లా పడుకుని ఏదో చూస్తున్నాడు. ఇప్పుడు నన్ను నడిచి రమ్మంటావా తల్లీ?"

"అక్కడే కూర్చోమ్మా, లారీ పంపిస్తున్నాను," అంది ఆవిడ. పెట్టేసి లారీ డ్రైవర్ నంబరు నొక్కింది.

సాయంత్రానికి వాళ్ల కారు కూడా లారీ వెనక వేలాడుతూ వచ్చింది. దాని ఆర్మ్ ఇంకా విరగలేదు గానీ, పగులు సగం దాటిపోయింది. బావ అందులోకి గోరు దూర్చి చూశాడు.

రెండు కార్లకీ ఆవిడ 'తయారీ లోపం' అని రాసి సంతకం పెట్టింది. "కంపెనీ తిప్పికొడితే నీ మెడకే చుట్టుకుంటుంది," అన్నాడు మేనేజర్. "చుట్టుకోనివ్వండి సార్. ముందు ఈ విడత కార్లవాళ్లందరికీ ఫోన్లు చేద్దాం," అంది. ఆయన కాసేపు నసిగాడు. తర్వాత తనే ఒక ఫోన్ ముందుకి లాక్కున్నాడు. "ఇన్నాళ్లూ పొమ్మన్నారు, ఇప్పుడు రమ్మని బతిమాలుతున్నారేంటండీ?" అని ఒకాయన అనుమానంగా అడిగితే, ఆవిడ నొచ్చుకోకుండా మళ్లీ మొదట్నించీ చెప్పింది.

కంపెనీ ఇంజనీరు వచ్చి ముక్కలు పట్టుకెళ్లాడు. కోసి చూశారట. చాలా రోజులకి జవాబొచ్చింది: వారంటీ ముగిసినా సరే, ఆ విడత కార్లన్నిటికీ ఆ భాగం ఉచితంగా మార్చమని.

టైలరు తన కారు కోసం వచ్చాడు. సీట్లో కూర్చుని తాళంచెవి పెట్టాడు గానీ తిప్పలేదు. "మీరూ ఒకసారి కూర్చుంటారా అమ్మా?" అన్నాడు.

ఆవిడ ముందు సీట్లో, కూతురు వెనక కూర్చున్నారు. వీధి చివర మలుపు రాగానే ముగ్గురూ మాటలు ఆపేశారు. కారు తిరిగింది. ఏ చప్పుడూ లేదు.

"ఇంకోసారి తిప్పు నాన్నా," అంది కూతురు.

టైలరు మళ్లీ తిప్పాడు. ఆవిడ మాత్రం తలుపు పిడి వదల్లేదు.